చెత్తబుట్టలో పోయిన ఉత్తరం

మొన్న ఆదివారం పొద్దున ఉగ్గానికి తాళింపు పెడుతున్నాను. నడవలోంచి మా పాప కేకేసింది. "అమ్మా, నీ ఫోన్లో చోటు లేదంట. గుడ్ మార్నింగులే పన్నెండు వందలున్నాయి. సెలెక్ట్ ఆల్ కొట్టి తీసేస్తాండా!"

"వద్దు! ముట్టుకోవద్దు!" నేను అరిచిన అరుపుకు మా ఆయన పేపరు పక్కన పెట్టారు. గరిటె చేత్తోనే పరుగెత్తి ఫోను లాక్కున్నాను. పాప బిత్తరపోయింది. "అన్నీ పూల బొమ్మలే కదమ్మా, ఇంత గాబరా ఏంటికి?" అంది. దానికి పదమూడేళ్ళు. అది పుట్టకముందు ఇలాగే ఒక్క నొక్కుతో వాళ్ళమ్మ ఏం పోగొట్టుకుందో దానికేం తెలుసు? ఆ పూట మాడిన ఉగ్గాని తింటూ చెప్పాను. మీకూ చెప్పాలనిపించింది.

మాది అనంతపురం జిల్లా వజ్రకరూరు. పేరులో వజ్రం ఉందిగానీ ఊళ్ళో ఉండేది ఎండిన నేల, సెనక్కాయ చేలు, వాన కోసం ఎదురుచూపు. తొలకరి పడిందంటే మాత్రం ఎక్కడెక్కడి జనమో వచ్చి మా చేలల్లో వంగి రాళ్ళేరుకుంటారు. భూమి లోతుల్లోంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే కింబర్లైటు అనే రాయి మా చుట్టుపక్కల ఉంది మరి. వాన కడిగిన మట్టిలో ఎప్పుడో ఎవరికో ఒకటి దొరుకుతుంది. మిగతావాళ్ళు పొద్దుగూకే దాకా వెతికి, నడుము పట్టుకుని బస్సెక్కుతారు.

మా పుట్టిల్లు ఇదే మండలంలో ఒక పల్లె. 2004 నుంచి 2007 దాకా అక్కణ్ణుంచి రోజూ గుంతకల్లు పోయి డిగ్రీ చదివాను. పల్లెలో ఇంటర్నెట్ సంగతి దేవుడెరుగు, కరెంటే వేళకు ఉండేది కాదు. గుంతకల్లులో స్టేషను దారిలో ఒక నెట్ సెంటరు ఉండేది. అరగంటకు పది రూపాయలు. ఆ పది రూపాయలంటే నాకు మధ్యాహ్నం ఉగ్గాని, బజ్జి. వారంలో ఒకరోజు అది మానుకుని నెట్ సెంటరుకు పోయేదాన్ని.

అక్కడ నాకేం పని అంటారా? మా పెదనాన్న కొడుకు 1998లో కంప్యూటరు ఉద్యోగానికి అమెరికా పోయాడు. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు నేను నోటు పుస్తకాల వెనక కథలు రాసుకుంటున్నానని తెలిసి, ఒక మెయిలు అడ్రసు చేసిపెట్టి, కథల గురించి మాట్లాడుకునే ఒక చిన్న గుంపులో చేర్పించాడు. ఆ గుంపు పద్ధతి చాలా సులువు. ఒకరు ఉత్తరం రాస్తే గుంపులో ఉన్న అందరికీ పోతుంది. దానికి ఎవరైనా జవాబిస్తే అదీ అందరికీ పోతుంది. రచ్చకట్ట మీద కూర్చుని మాట్లాడుకున్నట్టే. కాకపోతే ఒకరు హ్యూస్టన్లో, ఒకరు బెంగుళూర్లో, ఒక పిల్ల గుంతకల్లు నెట్ సెంటర్లో!

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు

ఈ రచ్చకట్టలు నేను చేరేనాటికే పాతవి. అమెరికాలో చదువుకునే తెలుగు పిల్లలు 1990ల మొదట్లోనే యూజ్‌నెట్ అనే చోట తెలుగు వాళ్ళకంటూ ఒక గుంపు పెట్టుకున్నారు. దాని పొడుగు పేరును కుదించి 'స్కిట్' అనేవారట. అప్పట్లో మామూలు కంప్యూటరు మీద తెలుగు అక్షరం కనబడేదే కాదు. హ్యూస్టన్లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆర్.టి.ఎస్. అంటే అదే. ఇంగ్లీషు 'ఎన్' చిన్నక్షరం వేస్తే 'న', పెద్దక్షరం వేస్తే 'ణ'. చిన్న 'ఎల్' అయితే 'ల', పెద్దదయితే 'ళ'. మొదటిసారి చూస్తే ఎవరో నిద్రలో టైపు కొట్టినట్టుంటుంది. రెండు వారాలు చదివితే కళ్ళకు తెలుగే కనిపిస్తుంది.

అరగంటలో టైపు చేసే పని తగ్గుతుందని నేను ఇంట్లోనే నోటు పుస్తకంలో ఉత్తరం మొత్తం ఆ లిపిలో రాసుకుని పోయేదాన్ని. కిరసనాయిలు బుడ్డి వెలుతుర్లో నేను రాస్తుంటే మా జేజి తొంగి చూసి, "ఇదేం బాస పాపా, దయ్యాల మంత్రమా?" అనేది. చదివి వినిపిస్తే, "ఓసి నీ... మన మాటే కదే!" అని బుగ్గలు నొక్కుకునేది.

ఈ పద్ధతికి ఒక లాభం ఉందని చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు. ఇంగ్లీషు అక్షరానికి కంప్యూటర్లో ఒక బైటు చోటు చాలు. ఇప్పుడు మనం ఫోన్లో రాసే యూనికోడు తెలుగులో ఒక్కో గుర్తుకు సాధారణంగా మూడు బైట్లు కావాలి. 'అమ్మ' అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు బైట్లయితే, తెలుగు అక్షరాల్లో పన్నెండు. అంటే ఆ దయ్యాల మంత్రం చూడ్డానికి వికారంగా ఉన్నా దారిలో తేలిగ్గా ప్రయాణం చేసేది. అప్పటి దారులకు ఆ బరువే ఎక్కువ.

నత్తకు నేర్పిన నడక

ఆ దారి ఎంత సన్ననిదో ఒక లెక్క చెబుతాను. టెలిఫోను తీగ మీద నడిచే మోడెం వేగం మహా అయితే 56 కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, అది సెకనుకు ఏడు కిలోబైట్లు. అదీ కాగితం మీద. మా నెట్ సెంటర్లో నిజంగా వచ్చేది నాలుగు. ఆ నాలుగునూ ఆరు కంప్యూటర్లు పంచుకునేవి. నా వాటాకు వచ్చేది కిలోబైటు కూడా కాదు, ముప్పాతిక లోపే. రెండు పేజీల ఉత్తరం బరువు నాలుగు కిలోబైట్లు, ఆరు సెకన్లలో రావాలి. కానీ ఆ ఉత్తరం చుట్టూ ప్రకటనలు, బొమ్మలు కలిపి యాభై, అరవై కిలోబైట్ల పేజీ వచ్చేది. పెళ్ళికూతురు ఒక్కతే, వెంట లారీడు పెళ్ళివారు! పేజీ తెరుచుకోవడానికి నిమిషంన్నర. ఉత్తరం తెరవడానికి ఇంకో నిమిషంన్నర. వెనక్కి రావడానికి మళ్ళీ అంతే. అరగంటలో ఏడెనిమిది ఉత్తరాలు చదివితే గొప్ప.

అందుకే అప్పటి గుంపుల్లో కట్టుబాట్లు గట్టిగా ఉండేవి. బొమ్మలు, ఫొటోలు జత చేయకూడదు. అయిదు వందల కిలోబైట్ల ఫొటో ఒకటి వచ్చిందంటే నా వాటాకు పన్నెండు నిమిషాలు, అంటే నాలుగు రూపాయలు హరీ. జవాబు రాసేవాళ్ళు కింద పాత ఉత్తరమంతా వేలాడదీయకూడదు, తమకు కావలసిన రెండు వాక్యాలే ఉంచాలి. విషయం అన్న చోట సంగతి ఏమిటో స్పష్టంగా రాయాలి, చదవాలో వద్దో తెరవకుండానే తెలియాలి. రోజంతా వచ్చిన ఉత్తరాలను ఒకే కట్టగా కట్టి పంపే ఏర్పాటు ఉండేది, డైజెస్టు అనేవాళ్ళు. నాకు అది వరం. ఒక్క పేజీ తెరిచి ఇరవై ఉత్తరాలు చదవొచ్చు.

బ్రౌజర్లో బొమ్మలు రాకుండా ఆపేసే కిటుకు నెట్ సెంటరు కుర్రాడే నేర్పాడు. "అక్కా, బొమ్మలు తీసేస్తే గుర్రమే" అన్నాడు. గుర్రమేమీ కాలేదుగానీ నత్త కాస్త నడిచింది. ఇంకో పాఠం కరెంటు నేర్పింది. నలభై వరుసల ఉత్తరం టైపు చేసి 'పంపు' అన్న చోట బాణం గుర్తు పెట్టేసరికి కరెంటు పోయింది. కంప్యూటరు మళ్ళీ లేచేసరికి నా ఉత్తరమూ లేదు, నా పది రూపాయలూ లేవు. అప్పటినుంచి నోట్‌ప్యాడులో టైపు చేసి, దాచుకుని, ఆ తర్వాతే మెయిల్లో అతికించేదాన్ని. ఇప్పటికీ ఏ దరఖాస్తయినా అలాగే చేస్తాను. మా ఆయన నవ్వుతారు.

మా అన్నకూ మొదట్లో ఇవే తిప్పలు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. అదీ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు లాంటి మహానగరాల్లో. అమెరికా పోయిన కొత్తలో అన్నకు ఉన్నది హాట్‌మెయిల్ డబ్బా. అందులో చోటు మొత్తం రెండు మెగాబైట్లు. మా అక్క పెళ్ళి ఫొటోలు మూడు వచ్చేసరికి డబ్బా నిండిపోయి, ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలన్నీ తిరుగుటపా అయ్యాయట. 2004లో జీమెయిల్ ఒక గిగాబైటు ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నారు. ప్రకటన వచ్చింది సరిగ్గా ఏప్రిల్ ఒకటినే మరి!

బేరింగు ఉత్తరాలు

నెమ్మదిని ఓర్చుకోవచ్చు. వాన కోసం ఏడాదికేడాది ఓర్చుకున్న వాళ్ళం, ఒక పేజీ కోసం నిమిషంన్నర ఓర్చుకోలేమా? ఓర్చుకోలేనిది చెత్త.

నా చిన్నప్పుడు మా ఇంటికి పోస్టుకార్డులు వచ్చేవి. "ఈ ఉత్తరం అందినవారు పదకొండు మందికి ఇలాగే రాయాలి. రాసినవారికి లంకెబిందెలు దొరికాయి, చింపినవారి ఇంట్లో గేదె చచ్చిపోయింది" అని. మీ ఇళ్ళకూ వచ్చే ఉంటాయి. జేజికి చదువు రాదు, భయం మాత్రం ఉంది. నా చేత రాయించేది. కార్డు పదిహేను పైసలు. పదకొండు కార్డులకు రూపాయి అరవై అయిదు పైసలు. నాలుగోసారి వచ్చినప్పుడు మా నాయన డబ్బులివ్వనన్నాడు. గేదె చావలేదు. మాకు గేదే లేదు.

చూశారా, ఆ పిచ్చికి కూడా ఒక హద్దుండేది. రాసేవాడు డబ్బు పెట్టాలి. మెయిలుకు ఆ హద్దు లేదు. పదిమందికి పంపినా పది లక్షల మందికి పంపినా పంపేవాడికి ఖర్చు దాదాపు ఒకటే. కట్టేది అందుకున్నవాళ్ళు. స్టాంపు అంటించకుండా పంపితే అందుకున్న మనిషి దగ్గర పోస్ట్‌మాన్ రెట్టింపు వసూలు చేసే బేరింగు ఉత్తరాలు గుర్తున్నాయా? ఈ చెత్తంతా బేరింగు ఉత్తరాలే. నేను మధ్యాహ్నం తిండి మానుకుని దానికి డబ్బు కట్టాను.

దీనికి స్పాం అనే పేరు ఎలా వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. స్పాం అనేది అమెరికాలో డబ్బాల్లో అమ్మే మాంసం. 1970లో ఇంగ్లాండులో మాంటీ పైథాన్ అనే బృందం టీవీలో ఒక హాస్యనాటిక వేసింది. అందులో ఒక హోటలుకు పోతే ఏ వంటకం అడిగినా అందులో ఈ మాంసమే ఉంటుంది. వద్దన్నా వడ్డిస్తారు. వద్దన్నా వచ్చిపడే మెయిళ్ళకు ఆ పేరు అతుక్కుపోయింది.

మొట్టమొదటిదని చెప్పుకునేది 1978 మే నెలలోది. గ్యారీ థ్యూర్క్ అనే కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి దాదాపు నాలుగు వందల మందికి ఒకే ప్రకటన పంపాడు. అందరూ తిట్టారు. 1994 ఏప్రిల్లో అరిజోనాకు చెందిన కాంటర్, సీగెల్ అనే లాయరు దంపతులు యూజ్‌నెట్‌లోని వేలాది గుంపుల్లో ఒకే ప్రకటన వేశారు. ఏం ప్రకటనో ఊహించండి. గ్రీన్‌కార్డు లాటరీ! దరఖాస్తు మేం నింపిపెడతాం, ఫీజివ్వండి అని. మన వాళ్ళ బలహీనత వాళ్ళకెలా తెలిసిందో అనిపిస్తుంది నాకు. జనం తిట్టినా ఆ దంపతులు సిగ్గుపడలేదు సరికదా, ఇలా ప్రకటనలు వేయడం ఎలాగో ఒక పుస్తకమే రాశారు.

యూజ్‌నెట్ తలుపుల్లేని సత్రం లాంటిది. ఎవరైనా వచ్చి ఏదైనా పడేసి పోవచ్చు. అందుకే మనవాళ్ళు క్రమంగా తలుపున్న ఇళ్ళకు మారారు. తెలుసా, ఆ తర్వాత యాహూ గుంపుల్లో నడిచిన రచ్చబండ లాంటివి. సభ్యులైతేనే రాయాలి. కొత్త సభ్యుల మొదటి ఉత్తరాలు ఎవరో ఒకరు చదివి లోపలికి పంపాలి. ఆ 'ఎవరో ఒకరు' జీతం లేని కాపలాదారు. మా అన్న కొన్నాళ్ళు అలాంటి ఒక చిన్న గుంపుకు కాపలా కాశాడు. తెల్లారి లేస్తే కాఫీ కంటే ముందు చెత్త ఊడ్చడమే. "ఇప్పుడు తెలిసిందే చెల్లీ, మీరు రోజూ వాకిలి ఎందుకు ఊడుస్తారో, ఊడ్చినట్టు ఎవరికీ ఎందుకు కనబడదో" అని రాశాడొకసారి. ఆ ఒక్క మాటకు అన్న మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక తలుపు లోపల మనవాళ్ళ చెత్త వేరే. "నన్ను గుంపులోంచి తీసేయండి" అని ఒకాయన అందరికీ రాస్తాడు. "నన్ను కూడా" అని పదిమంది అందరికీ రాస్తారు. "అయ్యా, ఇలా అందరికీ రాయొద్దు" అని ఇరవై మంది మళ్ళీ అందరికీ రాస్తారు! నా అరగంట అయిపోతుంది.

ఆ మధ్యాహ్నం

ఆడపిల్లలకు ఇంకో బాధ ఉండేది. దాని గురించి అప్పుడు ఎవరితోనూ చెప్పుకోలేదు. చెత్త మెయిళ్ళలో సగం మందులవీ, బొమ్మలవీ. ఎలాంటి బొమ్మలో నేను రాయనక్కర్లేదు. తెరవకపోయినా వాటి విషయం పెద్దక్షరాల్లో తెర మీద వరుసగా కనబడుతుంది. నెట్ సెంటర్లో కంప్యూటర్లు వరుసగా ఉండేవి, నడుమ అట్టలు కూడా లేవు. వెనక బెంచీ మీద వంతు కోసం కూర్చున్న కుర్రాళ్ళు. ఆ పేజీ నిమిషంన్నర పాటు తాపీగా, వరుస తర్వాత వరుసగా దిగుతుంటే నేను చెమటతో తడిసిపోయేదాన్ని. నేను పిలవలేదు, నాకు అక్కర్లేదు అని వాళ్ళకు ఎలా చెప్పేది? ఇంటికి ఈ మాట పోతే కాలేజీ మాన్పిస్తారు.

గుంపులో నా పేరు పూర్తిగా రాసినందుకు ఒకరిద్దరు ముక్కూమొగం తెలియని వాళ్ళు "మీ ఫొటో పంపండి" అని విడిగా రాశారు కూడా. అన్నకు చెబితే, జవాబివ్వొద్దు, 'వద్దు' అని కూడా రాయొద్దు అన్నాడు. అదే సూత్రం చెత్తకూ పనికొస్తుందట. అడుగున "ఇక పంపవద్దంటే ఇక్కడ నొక్కండి" అని ఉంటుంది చూశారా, ముక్కూమొగం తెలియని వాడు పంపిన దాంట్లో అది నొక్కితే, ఈ అడ్రసులో మనిషి ఉందని వాడికి మనమే చెప్పినట్టు. మరునాటినుంచి ఇంకా పంపుతాడు. మనం కోరి తెప్పించుకున్న కంపెనీ వాళ్ళదయితే నొక్కొచ్చు. ఆ తేడా ఇప్పటికీ అంతే.

2007 జనవరి. అంతకు రెండు వారాల ముందు నా మొదటి కథ గుంపులో పెట్టాను. మా పల్లెలో బోరు ఎండిపోయి, ఇత్తనం సెనక్కాయలు అమ్ముకోవాల్సి వచ్చిన ఒక ఇల్లాలి కథ. ఎవరేమన్నారో చూద్దామని పరుగున పోయాను. డబ్బా తెరిస్తే గుంపులోంచి మూడు ఉత్తరాలు. "బాగుంది", "బాగుంది", "మీదే ఊరు?" పక్కన చెత్త డబ్బాలో నూట నలభై మూడు. పొరపాటున దాని మీద నొక్కాను. వరుస తర్వాత వరుస దిగుతోంది. వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పేజీ పైన 'ఎంప్టీ' అన్న మాట కనబడింది. నొక్కేశాను. మొత్తం ఖాళీ. హమ్మయ్య అనుకున్నాను.

ఏప్రిల్లో ఒక చిన్న ఉత్తరం వచ్చింది. గుంపులో అప్పుడప్పుడూ రాసే ఒక పెద్దావిడ. తెనాలి వైపు మనిషి, లెక్చరరుగా రిటైరయి అమెరికాలో కొడుకు దగ్గర ఉండేవారు. "మీ కథ మీద జనవరిలో ఒక పెద్ద ఉత్తరం రాశానమ్మా. జవాబు రాలేదు. చిన్నవాళ్ళను నొప్పించానేమోనని మనసు పీకుతోంది. తప్పుగా అనుకోకండి."

నా కాళ్ళ కింద నేల కదిలింది. ఆ నూట నలభై మూడింటిలో ఆమె ఉత్తరం ఉంది!

ఎందుకు పోయింది అందులోకి? అన్నే వివరించాడు. చెత్తను ఏరేది మనిషి కాదు, లెక్క. 2002లో పాల్ గ్రాహం అనే ఆయన రాసిన ఒక వ్యాసంతో ఈ లెక్క బాగా ప్రచారంలోకి వచ్చింది. మంచి ఉత్తరాలు ఒక కుప్ప, చెత్త ఒక కుప్ప పోసి, ఏ మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు వస్తోందో లెక్క కడతారు. 'లాటరీ', 'ఉచితం' లాంటివి చెత్తకుప్పలో ఎక్కువ. 'అమ్మ', 'మీటింగు' మంచికుప్పలో ఎక్కువ. కొత్త ఉత్తరం రాగానే అందులోని మాటల్ని బట్టి ఏ కుప్పదో తేలుస్తారు. చాటలో చెరిగినట్టే, కాకపోతే చాటకు బియ్యం తెలియాలి కదా! ఇంగ్లీషు అక్షరాల్లో, నడుమనడుమ పెద్దక్షరాలతో ఉన్న తెలుగు దానికి బియ్యమూ కాదు, రాళ్ళూ కాదు. పెద్దక్షరాలు, ఆశ్చర్యార్థకాలు ఎక్కువుంటే అనుమానించే చాటలూ ఉండేవి. పైగా ఆవిడ నాకు అంతకుముందు ఎప్పుడూ విడిగా రాయలేదు. దయ్యాల మంత్రమని జేజి అన్నది, కంప్యూటరూ అదే అన్నది. జేజికి చదివి వినిపించగలిగాను.

ఆవిడకు ఉన్నదున్నట్టు రాశాను, సిగ్గు సంగతితో సహా. ఉత్తరం మళ్ళీ పంపమని బతిమాలాను. వారం తర్వాత జవాబు. "కాపీ ఉంచుకోలేదు తల్లీ. వేళ్ళ నొప్పులు, అంతా మళ్ళీ కొట్టలేను. గుర్తున్నది చెబుతాను. చివరి పేరా తీసేయండి. ఆమె ఏడవక్కర్లేదు, ఏడవాల్సింది మేం. గాజుల సంగతి ముందే చెప్పేశారు, చెప్పకండి. ఇంకొకటి ముఖ్యమైనది ఉంది, అప్పుడు బాగా తట్టింది, ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు."

చివరి పేరా తీసేశాను. గాజుల సంగతి వెనక్కి జరిపాను. ఆ కథే తర్వాత ఒక వారపత్రికలో అచ్చయింది. ఆ మూడోది ఏమిటో ఇప్పటికీ తెలియదు. పెళ్ళయి వజ్రకరూరు వచ్చాక, పాప పుట్టాక, ఎప్పుడు కథ రాయడానికి కూర్చున్నా ఒకసారి ఆ మూడోది ఏమై ఉంటుందా అని ఆలోచిస్తాను. నా కథల్లో ఏదో లోటు ఉంది, అది ఒక మనిషి కనిపెట్టింది, నాకు చెప్పింది కూడా. నేనే వినలేదు. రెండేళ్ళ తర్వాత ఆవిడ పోయారని గుంపులో చదివాను.

గుంపు పాత ఉత్తరాల్లో ఏమైనా దొరుకుతుందేమోనని ఒకప్పుడు ఆశ ఉండేది. విడిగా రాసిన ఉత్తరం అక్కడ ఉండదని తెలిసీ ఆశే. యాహూ వాళ్ళు 2019లో గుంపుల్లోని పాత సామానంతా తీసేసి, 2020 డిసెంబరు 15న గుంపుల్నే మూసేశారు. ఆవిడ రెండో జవాబు మాత్రం అప్పుడే నెట్ సెంటర్లో అచ్చు తీయించుకున్నాను. రెండు రూపాయలు. కథల ఫైల్లో ఉంది.

మళ్ళీ ఆదివారం

ఇప్పుడు దారి వెడల్పయింది. ఫొటో కాదు, సినిమానే నిమిషాల్లో దిగుతోంది. దారి వెడల్పయ్యేసరికి చెత్త లారీలూ వెడల్పయ్యాయి. ఫోన్లకు వచ్చే ప్రకటనలు వద్దనుకునేవాళ్ళు 1909కు చెప్పుకోవచ్చు, నేను చెప్పుకున్నాను, తగ్గాయి, పోలేదు. వాట్సాప్ వాళ్ళు 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్ట కట్టారు. పదకొండు కార్డుల జేజికి అయిదంటే చులకనే. కానీ పదిహేను పైసల లాంటి హద్దు ఏదో ఒకటి ఉండాలని వాళ్ళకూ తట్టినందుకు నాకు సంతోషంగానే ఉంది.

నా మట్టుకు నేను పాత గుంపు కట్టుబాట్లే పాటిస్తాను. కొట్లలో, ఎగ్జిబిషన్లలో ఇవ్వడానికి ఒక అడ్రసు, మనుషులకు ఒకటి. చెత్త డబ్బాలో పడింది మామూలుగా ముప్పై రోజులకు దానంతటదే పోతుంది. కాబట్టి శనివారం శనివారం ఒకసారి అందులోకి తొంగిచూస్తాను. అమ్మాయిలకు నేను చెప్పేది ఒకటే, తెర మీద పాడు మాటలు కనబడితే సిగ్గుపడాల్సింది పంపినవాడు. ఆ సంగతి నాకు ఇరవయ్యేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఆ 'ఎంప్టీ' నొక్కేదాన్ని కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక పాపా నేనూ ఫోను ముందేసుకుని కూర్చున్నాం. పూల బొమ్మలు, దీపాల బొమ్మలు, కాఫీ కప్పులు. ఒక్కొక్కటే చూసి తీసేస్తూ పోయాం. పాప రెండుసార్లు ఆవలించింది. బంధువుల గుంపులో, రెండు కాఫీ కప్పుల మధ్య, మా తమ్ముడి ఫోన్లోంచి ఒక మాటల సందేశం, మేం విననిది. నొక్కితే జేజి గొంతు.

"పాపా, యాడున్నావే? ఫోనెత్తవు. రాత్రి వానొచ్చె. తెల్లారేసరికి రాళ్ళేరేటోళ్ళు దిగినారు. మన చేనంతా తొక్కిపెడ్తాండారు. అల్లున్ని ఒగసారి రమ్మను, ఆయప్ప మాటంటే ఇంటారు."

తేదీ చూస్తే మూడు వారాలయింది. వెంటనే ఫోను చేశాను.

"ఇప్పుడా అడిగేది?" అంది జేజి. "వాళ్ళూ పోయినారు, వానా పోయింది. ఇత్తనం గూడా ఏసేసినాం."